నదిలో ఒండ్రు తగ్గింది, తీరంలో నేల పోతోంది

కృష్ణా, గోదావరి డెల్టాల తీరం మొత్తం 336 కిలోమీటర్లు. 1965 నుంచి 2008 వరకు, అంటే 43 ఏళ్లలో, ఈ తీరంలో 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయింది. కొత్తగా మేట వేసిన నేలను లెక్కలోంచి తీసేశాక తేలిన నికర నష్టం ఇది. ఎకరాల్లో చూస్తే 18,700 పైనే.

ఈ లెక్క తేల్చింది విశాఖపట్నం ఆంధ్రా యూనివర్సిటీకి చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావు, ఆయన బృందం. వాళ్ల పరిశోధన పత్రం 2010లో వచ్చింది. అందులో ఉన్నది మన ఊళ్ల సంగతే, కానీ మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? అందుకే ఈ వీడియో. భౌతిక భూగోళ శాస్త్రం చదివినవాళ్లు నేలను ఎలా చూస్తారో, ఆ చూపు మన పిల్లలకు ఎందుకు నేర్పాలో మాట్లాడుకుందాం.

కోనసీమలో సముద్రం వైపు వెళ్లేటప్పుడు ఒకటి గమనించండి. ఇళ్లు, కొబ్బరి తోటలు, సరుగుడు తోపులు కాస్త ఎత్తుగా ఉన్న ఇసుక మెరకల మీద వరసగా ఉంటాయి. మెరక దిగితే పల్లం, అందులో వరి చేలు. ఇంకొంచెం ముందుకెళ్తే మళ్లీ మెరక, మళ్లీ పల్లం. తీరానికి దాదాపు సమాంతరంగా సాగే ఆ మెరకలన్నీ ఒకప్పటి సముద్రపు ఒడ్లు. వరద వచ్చినప్పుడు నది ఒండ్రు తెచ్చి, సముద్రంలో కలిసే మొగ దగ్గర పోస్తుంది. కెరటాలు అందులోంచి ఇసుకను విడదీసి తీరం పొడవునా పేరుస్తాయి. అలా ఒక ఒడ్డు ముందు ఇంకో ఒడ్డు ఏర్పడుతూ పోతే, పాత ఒడ్డు లోపలికి మిగిలిపోతుంది. ఇవాళ దాని మీద ఊరు ఉంటుంది.

ఇది ఊహించి చెప్పిన కథ కాదు. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగంలో, సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువగా ఉండేది. మంచు కరిగేకొద్దీ నీళ్లు పైకొచ్చాయి. సుమారు 7,000 ఏళ్ల కిందట ఆ పెరుగుదల నెమ్మదించాక మన డెల్టాలు ముందుకు జరగడం మొదలైంది. దీన్ని తేల్చడానికి నేలలోకి బోరు దించి, లోతు లోతునా మట్టి తీస్తారు. ఆ మట్టిలో గవ్వలు, మడ చెట్ల అవశేషాలు దొరుకుతాయి. వాటిలో మిగిలిన కార్బన్‌ను కొలిచే రేడియోకార్బన్ పద్ధతిలో వాటి వయసు కడతారు. జపాన్ శాస్త్రవేత్త యోషికి సైతోతో కలిసి నాగేశ్వరరావు బృందం గోదావరి డెల్టాలో చేసిన పని ఇదే. ఇవాళ సముద్రానికి 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కొల్లేరు కూడా ఒకప్పుడు తీరాన్ని ఆనుకుని ఉన్న నీటి పట్టే.

వేల ఏళ్లు ముందుకు నడిచిన ఈ తీరం ఇప్పుడు వెనక్కి వస్తోంది. వేగం కూడా పెరిగింది. 1965 నుంచి 1990 దాకా ఏడాదికి సగటున 1.39 చదరపు కిలోమీటర్లు పోతే, 1990 నుంచి 2000 మధ్య అది 2.32కి చేరింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లూ 2.25 దగ్గరే ఉంది.

కారణం వెతకాలంటే తీరం వదిలి నది ఎగువకు వెళ్లాలి. ఇదే పత్రం ప్రకారం 1966–69లో కృష్ణా నది ఏడాదికి 90 లక్షల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 2000–05 నాటికి అది 4 లక్షల టన్నులు. గోదావరిలో 1970లలో 15 కోట్ల టన్నులు ఉండేది, 2000–06కి 5.7 కోట్లకు పడిపోయింది. ఎగువన ఆనకట్టల వెనకున్న జలాశయంలోకి రాగానే వరద నీటి వేగం చచ్చిపోతుంది. వేగం లేని నీరు మట్టిని మోయలేదు, అక్కడే దించేస్తుంది. అటు జలాశయాల్లో పూడిక, ఇటు తీరంలో కోత. ఈ రెండూ ఒకే లెక్కలో రెండు పద్దులు. మనం మాత్రం పూడిక గురించి నీటిపారుదల సమావేశాల్లో, కోత గురించి తుపాను వార్తల్లో మాట్లాడుకుంటాం.

నేను ఆనకట్టలు వద్దనడం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి జిల్లాల బతుకు ఎలా మారిందో మనందరికీ తెలుసు. నాగార్జునసాగర్ కింద లక్షల ఎకరాలు పండుతున్నాయి. కానీ ఆ మేలు లెక్క రాసిన పుస్తకంలోనే తీరంలో పోయిన నేల లెక్క కూడా రాయాలి. ఎందుకంటే దాని ఖర్చు భరిస్తున్నది మత్స్యకారుల ఊళ్లు.

కాకినాడ దగ్గర సముద్రపు కోతకు గురవుతున్న ఉప్పాడ సంగతి అడుగుతారని తెలుసు. అక్కడ నది ఒక్కదాన్నే కారణంగా చెప్పలేం. మన తీరం వెంట ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దారిలో కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె, రేవు కట్టడాలు ఉన్నాయి. వీటివల్ల అటు వెళ్లే ఇసుక, వచ్చే కెరటాల తీరు రెండూ మారతాయి. ఒడ్డున జియోట్యూబులతో, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో, గోడ వేశారు, సముద్రం దాన్నీ దెబ్బతీసింది. గోడ కెరటాన్ని కొంతకాలం ఆపగలదు, ఇసుకను మాత్రం పుట్టించలేదు.

ఇక చదువు. మన బడిలో డెల్టా అంటే పరీక్షకు రాసే నాలుగు లైన్ల నిర్వచనం. అమలాపురంలోనో అవనిగడ్డలోనో చదివే పిల్లలు కూడా అదే బట్టీ పడతారు, కాళ్ల కింద డెల్టా పెట్టుకుని! నాకు బాధ కలిగించే విషయం ఇది. గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక పాతది, ఒక కొత్తది తీసుకుని, రెండు రంగుల పెన్సిళ్లతో ఒడ్డు గీయించి, మధ్యలో నేల ఎంతో గ్రాఫ్ కాగితం మీద లెక్కపెట్టిస్తే చాలు, తొమ్మిదో తరగతి పిల్లలు సులువుగా చేస్తారు. ఇక్కడే మంచి టీచరు అవసరం. ఒక చిత్రం పోటు సమయంలో, ఇంకోటి పాటు సమయంలో తీసి ఉంటే, పల్లపు తీరంలో నీటి గీత చాలా దూరం జరిగినట్టు కనిపిస్తుంది. ఒక్క తుపాను కోసిన ఇసుకలో కొంత తర్వాతి నెలల్లో తిరిగి రావచ్చు. రెండు చిత్రాలు చూసి తొందరపడకూడదని, ఏళ్ల తరబడి ధోరణి చూడాలని పిల్లలకు చెప్పగలిగితే అదే పరిశోధనకు మొదటి మెట్టు.

ఇప్పుడు గోదావరి మీద పోలవరం కడుతున్నాం. వరద నీటిని కిందికి వదిలే స్పిల్‌వేకి 48 గేట్లు. వాటి వెనక ఎంత ఒండ్రు ఆగుతుంది? వరద రోజుల్లో గేట్లు ఎలా నడిపితే ఎక్కువ మట్టి కిందికి పోతుంది? అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా తీరంలో ఏం మారుతుంది? ఈ నిర్ణయాలు తీసుకునే చోట ఇంజనీర్ల పక్కన తీరాన్ని కొలిచే భూగోళ శాస్త్రవేత్తలు కూడా కూర్చోవాలి. ఏటా వరదలకు ముందు, తర్వాత తీరాన్ని కొలవాలి. ఆ పటాలు తీర గ్రామాల పంచాయతీ ఆఫీసుల్లో, అందరికీ కనిపించేలా, తెలుగులో పెట్టాలి.