కాయిన్ షోలో పాత వెండి డాలర్లు: నేనైతే ‘ఓ’ ఉన్నవే తిప్పి చూస్తాను

అందరికీ నమస్కారమండీ. గొంతు వినిపిస్తోంది కదా? పోయిన వీడియోలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదని చాలామంది చెప్పారు. ఈసారి ఫ్యాను కట్టేశాను, చెమటలు పడుతున్నా పర్లేదు.

ఇవాళ కాయిన్ షో, అంటే పాత నాణేలు అమ్మే సంత, సంగతి. నేనుండేది న్యూజెర్సీ. ఇక్కడ ఆదివారాలు ఏదో ఒక హోటల్ హాల్లో చిన్న షోలు జరుగుతుంటాయి. పెద్దవి కావాలంటే జనవరిలో ఫ్లోరిడాలో జరిగే ఫన్ షో లాంటివి ఉన్నాయి, కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళు చిన్న షోకే వెళ్ళండి. పెద్ద షోలో కళ్ళు తిరుగుతాయి. అంతా చూడాలనిపిస్తుంది, చివరికి ఏదీ చూడం.

మనం చూడబోయేది మోర్గాన్ డాలర్లు. ఇదిగో, ఇది. బొమ్మ వైపు లిబర్టీ తల, బొరుసు వైపు గద్ద. 1878 నుంచి 1904 దాకా కొట్టారు, మళ్ళీ 1921లో. 26.73 గ్రాములు, తొంభై శాతం వెండి. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పీస్ డాలర్లని ఇంకో రకం కూడా ఉన్నాయి, వాటి జోలికి ఇవాళ వెళ్ళను.

వీటిలో మనం వెతికేవి వామ్‌లు. వంటింట్లో వాము కాదండీ. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నేను ఫోన్‌లో వామ్, వామ్ అంటుంటే, ‘‘ఏంట్రా, కడుపు ఉబ్బరంగా ఉందా? చెప్పొచ్చు కదా’’ అని వేడినీళ్ళతో సహా వచ్చింది. వాన్ ఆలెన్, మాలిస్ అని ఇద్దరు పెద్దమనుషులు ఈ డాలర్లని అచ్చు అచ్చుగా విడదీసి నంబర్లు ఇచ్చారు. అచ్చు అంటే నాణెం మీద బొమ్మని ముద్రించే దిమ్మ. వాళ్ళ పేర్లలోంచి వచ్చిందే వామ్. ఆ రోజుల్లో సంవత్సరాన్నీ, మింట్ (నాణేలు కొట్టే టంకశాల) అక్షరాన్నీ ప్రతి అచ్చు మీదా చేత్తో కొట్టేవాళ్ళు. అందుకని ఒక అచ్చులో అంకె కాస్త పక్కకి జరుగుతుంది, ఇంకో అచ్చులో అక్షరం మీద అక్షరం పడుతుంది. ఆ తేడాలే మన సరదా.

అమ్మ పెట్టెలో విక్టోరియా రూపాయలు ఉన్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. 1862 అని ఉన్న రూపాయిని ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అదే సంవత్సరంతో కొడుతూ పోయారు. బొంబాయివాటిలో చుక్కలు లెక్కపెట్టి తేడాలు చెప్పేవాళ్ళు ఉన్నారు. ఇదీ అదే జాతి పిచ్చి. సరే, విషయానికి వద్దాం.

సంచిలో ఏముందో చూపిస్తాను. భూతద్దం, పది రెట్లది. చిన్న టార్చి. జేబు తక్కెడ. చిన్న నోట్లు. పెన్సిలు. అంతే. ఫోన్‌లో ముఖ్యమైన వామ్‌ల ఫొటోలు ఒక ఆల్బమ్‌గా ముందే దించుకోండి, హాల్లో సిగ్నల్ ఉండదు. నేను ఒకసారి ఇంటర్నెట్ ఉంటుందని నమ్మి వెళ్ళి, టేబుల్ ముందు నిలబడి గిరగిరా తిరిగే చక్రం చూస్తూ ఉండిపోయాను. వెనక మనిషి దగ్గుతున్నాడు.

లోపలికి వెళ్ళడం, పేరు రాయడం, అదంతా మీకు తెలుసు. తిన్నగా టేబుళ్ళ దగ్గరికి.

ఏ టేబుల్? అద్దాల పెట్టెలో, నాణెం ఎంత బాగుందో గ్రేడ్ వేసే కంపెనీల ప్లాస్టిక్ డబ్బాలు మెరుస్తున్నాయే, అక్కడ ఆగకండి. ఆగినా చూసి నేర్చుకోవడానికే. మనకి కావలసింది ఇదిగో, ఇలాంటి పొడుగాటి డబ్బా. నాలుగుపలకల అట్ట ఫ్లిప్పుల్లో మోర్గాన్లు బారుగా నిలబెట్టి ఉంటాయి. వీటిని అమ్మే ఆయన సంవత్సరమూ, అరుగుదలా చూసి ధర వేస్తాడు, అచ్చు చూడడు. ఆయనకి అంత తీరిక ఉండదు.

ముందు అడగాలి. ‘‘ఈ డబ్బా చూడొచ్చా?’’ అంటే చాలు. ఒక్కొక్కటే తీయండి, తీసిన చోటే పెట్టండి. ఫ్లిప్ విప్పాలంటే కచ్చితంగా అడిగి విప్పాలి. విప్పాక అంచులు పట్టుకోవాలి, చెయ్యి టేబుల్ మీదే ఉండాలి, గాల్లో కాదు. పక్కాయన బేరం ఆడుతుంటే మధ్యలో దూరకండి. ఇవన్నీ మామూలే.

ఇప్పుడు నా అడ్డదారి. డబ్బాలో రెండు మూడు వందల నాణేలు ఉంటాయి. అన్నీ చూడలేం. బొరుసు వైపు, దండ ముడి కింద చూడండి, ఇక్కడ, నా వేలి దగ్గర. చిన్న అక్షరం ఉందా? ‘ఓ’ అంటే న్యూ ఆర్లీన్స్ మింట్, ‘ఎస్’ అంటే శాన్ ఫ్రాన్సిస్కో, రెండు ‘సీ’లు ఉంటే కార్సన్ సిటీ, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. నేను ‘ఓ’ ఉన్నవే బయటికి లాగుతాను. మిగతావి వదిలేస్తాను. పాతకాపులు నవ్వుతారు. నవ్వనివ్వండి. కార్సన్ సిటీవి ఎలాగూ అందరూ గాలించేసి ఉంటారు.

ఓ ఎందుకంటే, చూడండి. 1888-ఓలో ‘హాట్ లిప్స్’ ఉంది. లిబర్టీ పెదవులు, ముక్కు, గడ్డం రెండేసి ఉంటాయి. అదే 1888-ఓలో ‘స్కార్‌ఫేస్’ ఉంది, అచ్చు పగిలి మొహం మీద గీత పడింది. 1882-ఓలో ఎస్ మీద ఓ కొట్టింది ఉంది. 1900-ఓలో రెండు ‘సీ’ల మీద ‘ఓ’ కొట్టింది ఉంది. కార్సన్ సిటీలో 1893లో నాణేలు కొట్టడం ఆపేశారు, మిగిలిన అచ్చుల్ని పారేయకుండా న్యూ ఆర్లీన్స్ కోసం వాడుకున్నారు. మన ఇళ్ళల్లో పాత డబ్బా మీద కొత్త చీటీ అంటిస్తామే, అలా. ఇక 1886, 1889, 1891 ఓ నాణేల్లో తోక ఈకల దగ్గర ‘ఈ’ అక్షరం ముద్ర పడినవి ఉన్నాయి. ఒక్క మింట్‌లోనే ఇన్ని. పైగా హాట్ లిప్స్ ఎక్కువగా అరిగిపోయిన నాణేల్లోనే దొరుకుతుంది. అంటే చవక డబ్బాలోనే ఛాన్సు.

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను. నేను బోల్తాపడ్డ చోటు ఇదే.

మొదటి ఏడాది ఒక 1888-ఓ దొరికింది. గడ్డం పక్కన ఇంకో గీత, పెదవి పక్కన నీడ. గుండె దడదడ. హాట్ లిప్స్, హాట్ లిప్స్ అనుకున్నాను. బేరం కూడా ఆడలేదు, ఆడితే ఆయన అనుమానపడి మళ్ళీ చూస్తాడని భయం. డబ్బులిచ్చి, కార్లో కూర్చుని మళ్ళీ చూశాను. ఇంటికొచ్చి ఫొటో పక్కన పెట్టి చూశాను. కాదు. అసలు దగ్గరదగ్గరగా కూడా లేదు.

అది మెషిన్ డబ్లింగ్. ఇదిగో, స్క్రీన్ మీద పెద్దది చేస్తున్నాను. ఎడమ పక్కది నా బోల్తా నాణెం. కుడి పక్కది అసలు రకం. ఎడమ దానిలో చూడండి, ముక్కు అంచు, పెదవి అంచు, గడ్డం అంచు, అన్నింటికీ ఒకే పక్కన చదునైన మెట్టు ఉంది. గోడకి అరుగు కట్టినట్టు. చదునుగా, సన్నగా. నాణెం కొట్టిన క్షణంలో అచ్చు కాస్త వదులుగా ఉండి కదిలితే లోహాన్ని అలా పక్కకి నెట్టేస్తుంది. అది ఆ ఒక్క నాణెంలో జరిగిన కుదుపు. అచ్చులో ఏ తేడా లేదు.

కుడి దానిలో చూడండి. రెండో పెదవికి కూడా గుండ్రదనం ఉంది, ఎత్తు ఉంది. పెదవిలాగే ఉంది, మెట్టులా లేదు. ఎందుకంటే ఇక్కడ తప్పు అచ్చు తయారీలోనే జరిగింది. అచ్చులోకి బొమ్మని ఒక్కసారితో దింపలేరు, మళ్ళీ మళ్ళీ నొక్కాలి. రెండోసారి నొక్కేటప్పుడు కాస్త తప్పితే బొమ్మ రెండుగా పడుతుంది. ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట, అదే విధంగా ఉంటుంది. ప్రతి నాణెం మీదా. అదే పరీక్ష. మీ చేతిలో ఉన్నది ఫొటోలో ఉన్నదానితో అదే చోట కలవాలి. ‘‘దాదాపు అలాగే ఉంది’’ అని మనసు చెబుతుంది చూడండి, అప్పుడు ఫ్లిప్ కింద పెట్టేయండి.

దీన్ని హాల్లో ఎలా చూడాలి? వెలుతురు. హాల్లో పైన ట్యూబులైట్లు ఉంటాయి, అవి అన్ని వైపుల నుంచీ పడి అన్నింటినీ చదునుగా చూపిస్తాయి. టేబుల్ మీద ఆయన దీపం ఉంటుంది, దాని కిందికి జరపండి. లేకపోతే టార్చి. ఒకే వెలుతురు, పక్కనుంచి, కిందుగా. వెలుతురు కదపకండి, నాణేన్ని కదపండి. ఇలా, గడియారం ముల్లులా తిప్పండి. నెమ్మదిగా. ఇంకా నెమ్మదిగా. చూశారా, ఆ చదును మెట్టు ఒక్క కోణంలో తళుక్కుమని వెలిగి, అంతా ఒకేసారి మాయమైంది. అసలు రెండో పెదవి అలా కాదు, తిప్పుతున్నకొద్దీ దాని మీద నీడ నెమ్మదిగా జారుతుంది. మళ్ళీ ఒకసారి చూపిస్తాను. తళుక్కు, మాయం. ఇటు పక్క, జారుతోంది, జారుతోంది.

ఇది వచ్చేస్తే మిగతావి తేలిక. అచ్చు పగులు ఎత్తుగా ఉంటుంది, గీత పడితే గుంటగా ఉంటుంది. వెలుతురులో తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. నాణెం మీద ‘ఓ’ అక్షరం మరీ చిన్నదిగా ఉంటే దాన్ని మైక్రో ఓ అంటారు. 1899-ఓలో ఉంది, అది అసలుదే, మంచిదే. కానీ 1896, 1900, 1902లలో చిన్న ఓ కనిపిస్తే ఆగండి. ఏళ్ళ తరబడి వాటిని అరుదైన రకాలని కొన్నారు, గ్రేడింగ్ కంపెనీలు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి గ్రేడ్ కూడా వేశాయి. మూడు సంవత్సరాల నాణేలకి బొరుసు ఒకే అచ్చుది అని తేలాక, అవి మింట్‌లో కొట్టినవే కావని 2005లో ఒప్పుకోవాల్సి వచ్చింది. విచిత్రమేంటంటే అవి వెండితో చేసిన నకిలీలే. వెండి చవగ్గా ఉన్న రోజుల్లో ఒక డాలర్లో అర డాలరుకి అటూ ఇటూ విలువైన వెండి ఉండేది. మంచి వెండి పోసి కొట్టినా దొంగకి సగానికి సగం మిగులుతుంది. ఈ నకిలీలని ఇప్పుడు ఇష్టపడి పోగుచేసేవాళ్ళూ ఉన్నారు, నాకు లేదు ఆ ఓపిక.

ఈమధ్య వచ్చే నకిలీలకైతే తక్కెడ. 26.73. అరిగితే కొంచెం తగ్గుతుంది, పెరగదు. తూకం సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, సరిపోకపోతే మాత్రం పెట్టేయండి. అయస్కాంతానికి అతుక్కుంటే ఇక చెప్పక్కర్లేదు.

బేరం. ‘‘మీరు ఇవ్వగలిగిన మంచి ధర ఎంత?’’ అని ఒక్కసారి అడగండి. ఆయన చెప్పింది నచ్చితే ఇచ్చేయండి, లేకపోతే థాంక్స్ చెప్పండి. సుల్తాన్ బజార్ బేరాలు ఇక్కడ ఆడకండి, మళ్ళీ నెలా అదే ఆయన ముందు నిలబడాలి. రెండు మూడు కలిపి కొంటే ఆయనే తగ్గిస్తాడు.

‘‘ఆయనకి తెలియని రకం మనం గుర్తుపట్టి ఆయన ధరకే కొనడం తప్పు కాదా?’’ అని కామెంట్లలో అడుగుతుంటారు. నేను తప్పనుకోను. ఆయన అడిగిన ధర ఇస్తున్నాను, నేను గంటలు కూర్చుని నేర్చుకున్నాను. కానీ ‘‘ఏం చూశావు దీంట్లో?’’ అని ఆయన మొహం మీద అడిగితే అబద్ధం చెప్పను. ఒకసారి చెప్పాను కూడా. ఆయన నవ్వి, అదే ధరకి ఇచ్చి, టేబుల్ కింద నుంచి ఇంకో డబ్బా తీశాడు.

సరే, నిన్నటి షోలో దొరికింది చూపిస్తాను. 1891-ఓ. బాగా అరిగింది, ఎవరూ పట్టించుకోలేదు. ముందు ఫ్లిప్‌కి ఉన్న పిన్నులు. పిన్నులు ఇలా లాగకండి, నాణెం మీద గీత పడుతుంది. కత్తెరతో అట్ట కోసేయండి. నాకు దీనికి చిన్న పట్టకారు కూడా ఉంది, కొత్త ఫ్లిప్‌కి పిన్ను కొట్టాక దాంతో నొక్కి చదును చేస్తాను. లేకపోతే పక్క నాణేన్ని గీకుతుంది.

ఇదిగో, బొరుసు. గద్ద తోక. రెండు అచ్చుల మధ్య బిళ్ళ లేకుండా యంత్రం పడితే అచ్చుకి అచ్చు కొట్టుకుని, ఒకదాని ముద్ర ఇంకోదాని మీద పడుతుంది. లిబర్టీ తలపట్టీ మీద ఆమె పేరుంది కదా, అందులోని ‘ఈ’ అక్షరం అలా వెనక్కి దిగింది. ఇప్పుడేమీ కనపడట్లేదు కదా? టార్చి కిందికి దించాను. తిప్పుతున్నాను. ఇంకొంచెం. ఆ... అక్కడ. తోక ఈకల పక్కన. కెమెరా ఫోకస్ పోతోంది, ఒక్క నిమిషం. ఇప్పుడు. కనపడిందా?

ఫోన్‌లో ఫొటో పక్కన పెడుతున్నాను. అదే చోట. తూకం 26.1, మిగతాది అరుగుదలలో పోయింది. ఫ్లిప్ మీద పెన్సిల్‌తో రాస్తున్నాను: 1891-ఓ, వామ్ 1ఏ. ఇచ్చిన ధర వెనక వైపు రాస్తాను, అది మా ఆవిడ చూడకుండా.