చెరువు గట్టు మీద సైన్సు, ఎర్రనీళ్ల సీసాలో డెల్టా: హైస్కూల్ పాఠం ఇలా కూడా చెప్పొచ్చు

[తెర మీద: భీమవరం – ఉండి రోడ్డు, పొద్దున్న వేళ. రెండు పక్కలా రొయ్యల చెరువులు. యూనిఫాంలో సైకిళ్ల మీద పిల్లలు.]

నమస్కారమండీ. ఈ పిల్లలు రోజూ ఈ చెరువుల మధ్య నుంచే హైస్కూలుకి వెళ్తారు. కాసేపటికి క్లాసులో కిరణజన్య సంయోగక్రియ పాఠం మొదలవుతుంది. సమీకరణం బోర్డు మీదకి ఎక్కుతుంది, అక్కడి నుంచి నోటు పుస్తకంలోకి దిగుతుంది. పరీక్షలో అడిగితే రాసేస్తారు కూడా. కానీ ఆ సమీకరణానికీ, దారిలో చూసిన ఏరేటర్‌కీ (చెరువు నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రం) సంబంధం ఉందని చాలామందికి తట్టదు. అలా ఎవరూ అడగలేదు కాబట్టి.

గోదావరి డెల్టాలో హైస్కూల్ మాస్టార్లు, టీచర్లు పిల్లలకి పాఠం పట్టేలా ఏం చేయొచ్చో ఈ వీడియోలో చూద్దాం. క్రియేటివ్‌గా చెప్పడం అంటే పాట పాడటం, బొమ్మలు తేవడం, వేషం వేయించడం అని మనలో చాలామంది అనుకుంటాం. అవి ఉంటే మంచిదే. నేను మాత్రం ఒక్కటే చూస్తాను: ఆ నలభై నిమిషాల పీరియడ్‌లో బుర్ర పెట్టి ఆలోచించింది ఎవరు? మాస్టారా, పిల్లలా?

[తెర మీద: తరగతి గది. బోర్డు ఖాళీగా ఉంది.]

పదో తరగతి అనుకోండి. మాస్టారు పుస్తకం తెరవకుండా మాటల్లో పెట్టారు.

"ఏరా, మీ వైపు చెరువుల మీద ఏరేటర్లు ఎప్పుడు తిప్పుతారు?"

"రాత్రిళ్లు ఎక్కువ తిప్పుతారండి. తెల్లవారుజామునైతే అస్సలు ఆపరండి."

"ఎందుకు?"

"రొయ్యలకి ఆక్సిజన్ సరిపోదండి. పైకి తేలిపోతాయండి."

"మరి పగలు ఎలా సరిపోతోంది?"

ఇక్కడ మాస్టారు జవాబు చెప్పేస్తే పాఠం చప్పబడిపోతుంది. చెప్పకుండా, అందరినీ రఫ్ బుక్ తీయమనాలి. అడ్డంగా ఒక గీత: ఈ పొద్దున్న ఆరు నుంచి రేపు పొద్దున్న ఆరు దాకా. నిలువుగా ఇంకో గీత: నీళ్లలో కరిగిన ఆక్సిజన్. "ఏ టైముకి ఎంత ఉంటుందో మీకు తోచినట్టు గీయండి. తప్పయినా పర్లేదు. రబ్బరు మాత్రం వాడొద్దు."

[తెర మీద: మూడు రఫ్ బుక్కులు పక్కపక్కన, మూడు రకాల గీతలతో.]

ఈ మూడు గీతలూ కాస్త దగ్గరగా చూడండి. మొదటి పాప తిన్నగా ఒక అడ్డగీత గీసింది. చెరువులో నీళ్లు అవే కదా, ఆక్సిజన్ ఎందుకు మారుతుందని ఆమె లెక్క. రెండో అబ్బాయి గీత రాత్రిపూట పైకి లేచింది. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుందని వాడికి తెలుసు. ఆ మాట నిజమే. కానీ అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది, అది వాడికి ఇంకా తట్టలేదు. మూడో అబ్బాయి గీత మధ్యాహ్నం కొండలా లేచి, తెల్లవారేసరికి అడుగంటింది. ఎందుకలా గీశావంటే వాడు చెప్పలేడు. వాళ్ల నాన్న చెరువు కాపలా. గట్టు మీద పాకలోనే వాళ్ల కాపురం. తెల్లవారుజామున నాన్న లేచి నీళ్ల మీద టార్చి వేసి చూడటం వాడు ఎన్నోసార్లు చూశాడు.

ఇప్పుడు వేర్వేరు గీతలు గీసినవాళ్లని జతలుగా కూర్చోబెట్టి, ఎదుటివాళ్లని ఒప్పించమనాలి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల నుంచి తన క్లాసుల్లో చేసింది దాదాపు ఇదే. ముందు ఎవరి జవాబు వాళ్లు సొంతంగా రాసుకోవాలి, తరవాత పక్కవాళ్లతో వాదించాలి, ఆ తరవాతే మాస్టారు నోరు విప్పాలి. దీనికి అక్కడా పెద్ద సామగ్రేమీ అక్కర్లేదు.

వాదన ముదిరాక పాఠంలోకి రావాలి. నీళ్లకి ఆకుపచ్చ రంగునిచ్చే సూక్ష్మమైన శైవలాలు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తాయి. మధ్యాహ్నం దాటాక అది గరిష్ఠానికి చేరుతుంది. పొద్దు గూకాక తయారీ ఆగిపోతుంది, వాడకం ఆగదు. రొయ్యలు పీలుస్తాయి, అడుగున బురదలో బ్యాక్టీరియా పీలుస్తుంది, ఆ శైవలాలు కూడా పీలుస్తాయి. మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయని మన పిల్లల్లో చాలామందికి ఒక అపోహ ఉంటుంది. పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటాయన్న సంగతి ఈ గీత ముందు కూర్చుంటే వాళ్లకే తడుతుంది. సూర్యుడు రాబోయే ముందు ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. లీటరుకి 4 మిల్లీగ్రాముల కన్నా దిగితే రైతుకి టెన్షన్ మొదలు.

రైతులు పీహెచ్ (నీళ్లు ఆమ్లం వైపున్నాయో, క్షారం వైపున్నాయో చెప్పే కొలత) పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎందుకు చూస్తారో కూడా ఇక్కడే తేలిపోతుంది. పగలు శైవలాలు కార్బన్ డయాక్సైడ్ లాగేస్తాయి కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి అందరూ వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిసి తెల్లారేసరికి తగ్గుతుంది. కెమిస్ట్రీ పాఠంలోని ఆమ్లాలు, క్షారాలు బయాలజీ పీరియడ్‌లోకి వాటంతట అవే వచ్చేశాయి.

ఇంటికి ఒక ప్రశ్న ఇచ్చి పంపాలి: మబ్బు పట్టిన రోజున రైతు మామూలు రోజు కన్నా ఎందుకు ఎక్కువ కంగారు పడతాడు? జవాబు గైడులో దొరకదు. ఇంట్లోనో, టీకొట్టు దగ్గరో అడిగి తెలుసుకోవాలి.

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం చెప్తాను. చెరువు యజమాని కొడుకు కన్నా కాపలా కుటుంబం పిల్లాడికే ఇక్కడ ఎక్కువ తెలుసు. ఎప్పుడూ వెనక బెంచీలో తలొంచుకుని కూర్చునేవాడి మాట క్లాసంతా ఆగి వినే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు ఊరికే రాదు, మాస్టారు వేసిన ప్రశ్న వల్ల వస్తుంది.

[తెర మీద: గడియారం. మూడు సెకన్లు.]

ప్రశ్న వేశాక ఏం చేస్తామన్నది కూడా ముఖ్యం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు క్లాసులు టేపు చేయించి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగుతున్నది దాదాపు ఒక్క సెకను. ఆలోపు చెయ్యి ఎత్తినవాడే చెప్పాలి, లేకపోతే టీచరే చెప్పేస్తారు. మూడు సెకన్లో, ఇంకాస్త ఎక్కువో ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పేవాళ్ల సంఖ్య పెరిగింది, "తెలీదు" అనడం తగ్గింది. 1970ల నాటి మాట ఇది. పైసా ఖర్చు లేని పద్ధతి. క్లాసులో నిశ్శబ్దంగా మూడు సెకన్లు నిలబడటం ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది.

[తెర మీద: వరద గోదారి, ధవళేశ్వరం. తరవాత రెండు గాజు సీసాలు, నిండా ఎర్రనీళ్లు.]

ఇప్పుడు నది దగ్గరికి వద్దాం. జులై వచ్చిందంటే కాలవల్లోకి కూడా ఎర్రనీళ్లు దిగుతాయి. ఆ నీళ్లు పెద్దవాళ్ల చేత ఒక బకెట్ తెప్పించండి. పిల్లల్ని మాత్రం వరద నీళ్ల దగ్గరికి పంపకండి. రెండు గాజు సీసాల్లో సమానంగా పోయండి. ఒకదాంట్లో రెండు చెంచాల ఉప్పు వేసి బాగా కలపండి, రెండోదాన్నీ ఊరికే అలాగే కలపండి. రెండూ కిటికీ దగ్గర పెట్టండి.

"ఏ సీసా ముందు తేటపడుతుంది?" చేతులెత్తించండి. కారణం కూడా రాయించండి. ఉప్పు వేస్తే నీళ్లు బరువెక్కుతాయి, మట్టి తేలిపోతుంది అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది.

ముందు తేటపడేది ఉప్పు సీసానే. సన్నటి బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. అన్నిటిదీ ఒకే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతూ ఉంటాయి. ఉప్పులోని అయాన్లు, అంటే ఆవేశమున్న కణాలు, ఆ నెట్టుడుని తగ్గిస్తాయి. రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, అడుగుకి దిగుతాయి. మామ్మలు బిందెలో నీళ్లలో పటిక తిప్పి ఉంచితే, ఇండుపగింజ అరగదీసి కలిపితే నీళ్లు తేరుకునేవి. జరిగింది ఆ కోవకి చెందినదే: రేణువుల్ని ఒకదగ్గరికి చేర్చి అడుగుకి దించడం.

అప్పుడు మ్యాప్ తీయాలి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చిన గోదావరి తను మోసుకొచ్చిన మట్టిని ఎక్కడ దించుతుంది? వాలు తగ్గి నడక నెమ్మదించే చోట. సముద్రపు ఉప్పునీళ్లు తగిలాక ఆ సన్నమట్టి ఇంకా త్వరగా దిగుతుంది. సీసా అడుగున పేరుకున్న ఆ బురద పొరని చూపించి, "మనం కూర్చున్న ఈ స్కూలు కింద ఏముంది?" అని అడగండి. కోనసీమ పిల్లలకి ఈ ప్రశ్న వేరేగా తగులుతుంది. వాళ్ల ఊరు, వాళ్ల కొబ్బరితోట, గట్టు అవతలి లంకలు అన్నీ ఆ నది తెచ్చిన మట్టే కదా.

లెక్కల మాస్టారికి కూడా వరద రోజులు బంగారమే. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు టీవీలో వినని పిల్లలు ఇక్కడ ఉండరు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. పది లక్షల క్యూసెక్కులంటే సెకనుకి 2 కోట్ల 83 లక్షల లీటర్లు. అంత పెద్ద అంకె పిల్లల బుర్రకి అందదు. అందుకే స్కూలు గ్రౌండ్ కొలిపించాలి. వంద మీటర్ల పొడవు, అరవై మీటర్ల వెడల్పు ఉందనుకోండి. మీటరు లోతున నీళ్లు నిలిపితే 60 లక్షల లీటర్లు. ఆ వరద ఒక్క సెకనులో అలాంటి గ్రౌండ్లు నాలుగింటిని నింపేసి ఇంకా మిగులుతుంది. 1986 ఆగస్టులో వచ్చింది దీనికి మూడు రెట్లకు పైనే. అక్కడి నుంచి సోషల్ టీచరు అందుకోవచ్చు. పిల్లల్ని తాతల దగ్గరికి, మామ్మల దగ్గరికి పంపి, 1986 వరదలో నీళ్లు ఇంటి గోడ మీద ఎక్కడి దాకా వచ్చాయో, 1996 నవంబరు 6న తుపాను రాత్రి ఎక్కడ తలదాచుకున్నారో అడిగి రాసుకు రమ్మనాలి. ఒకే వీధిలో ఇద్దరు రెండు రకాలుగా చెప్తారు. ఎవరి మాట ఎందుకు నమ్మాలి అని క్లాసులో తేల్చుకోవడం మొదలుపెడితే పిల్లలు చరిత్రకారుడి పని చేస్తున్నట్టే.

కొబ్బరి సంగతి క్లుప్తంగా. రాలిపోయిన ప్రతి మట్టా మాను మీద ఒక వలయం మచ్చ వదులుతుంది. ఏడాదికి సుమారు పన్నెండు మట్టలు వస్తాయి. మచ్చలు లెక్కపెట్టి పన్నెండుతో భాగిస్తే వయసు దాదాపు తెలుస్తుంది. మాను పైకి లేవకముందు గడిచిన ఏళ్లు ఇందులో లేవని ఎవరైనా పిల్ల పట్టుకుంటే, ఆ రోజు పీరియడ్ ధన్యమైనట్టే.

[తెర మీద: రాజమహేంద్రవరం, గోదావరి గట్టు.]

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్లకి ఒక మాట. కందుకూరి వీరేశలింగం పంతులుగారు వృత్తిరీత్యా బడిపంతులు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు. 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేతే నాటకాలు ఆడించారు. సమాజంలో ఏది న్యాయం, ఏది కాదు అన్నది కుర్రాళ్లు తమ నోటితో పలికి, ఎదుటి పాత్రతో వాదించి తెలుసుకోవాలన్నంత నమ్మకం ఆ పనిలో కనిపిస్తుంది. ఈ నేల మీద పాఠం చెప్పేవాళ్లకి ఇంతకన్నా పెద్ద తోడు ఎందుకు?

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చుట్టూ ఉన్న జీవితాన్ని క్లాసులోకి తేవడం అంటే పిల్లల ఇంటి బాధని బోర్డు మీద పెట్టడం కాదు. ఇంగ్లిష్ క్లాసులో ఉత్తరం రాయించేటప్పుడు "కువైట్‌లో ఉన్న అమ్మకి రాయండి" అనడం తేలిక. కోనసీమలో, నరసాపురం వైపు అలా తల్లి దూరంగా ఉన్న పిల్లలు నిజంగానే ఉంటారు. ఆ పాప నలుగురి ముందు ఏం రాస్తుంది? దానికి బదులు విమానం టికెట్, ఉద్యోగ ఒప్పందం లాంటి నమూనా కాగితాలు తెచ్చి చదివించండి. జీతం ఎంత అని ఉంది, సెలవు ఎన్ని రోజులని ఉంది, ఏం రాయకుండా వదిలేశారు అని వెతికించండి. ఇంగ్లిష్ వస్తుంది, ఇంట్లో పనికొస్తుంది, ఎవరి గాయమూ రేగదు.

[తెర మీద: పదో తరగతి గది, సాయంత్రం స్టడీ అవర్.]

"ఇవన్నీ బాగానే ఉన్నాయండీ, సిలబస్ ఎప్పుడవుతుంది? పబ్లిక్ పరీక్షల సంగతేంటి?" అని అడిగే టీచర్ల బాధ నిజం. యాప్‌లో అటెండెన్స్, మధ్యాహ్న భోజనం లెక్కలు, పైగా రిజల్ట్స్ ఒత్తిడి. ఉన్న టైమే తక్కువ. అందుకే అన్ని పాఠాలకీ ఇలా చేయమని నేను అనను. నెలకి ఒక పాఠం చాలు. మిగతా రోజులకి ఒక చిన్న మార్పు ఉంది. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరవాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తరవాత చూస్తే రాసినవాళ్లు ముందున్నారు. స్టడీ అవర్‌లో పుస్తకం పట్టుకుని గట్టిగా చదవమనే బదులు, పది నిమిషాలు పుస్తకం మూయించి రాయిస్తే పబ్లిక్ పరీక్షకి కూడా అదే అక్కరకొస్తుంది.

స్కూళ్లకి వచ్చిన పెద్ద డిజిటల్ ప్యానెళ్ల గురించి కూడా అడుగుతుంటారు. మంచి సాధనమే. కాకపోతే వీడియోని గీత గీయించక ముందు వేస్తే పిల్లలు చూస్తారంతే. గీయించాక వేస్తే తమ గీత నిజమా కాదా అని వెతుక్కుంటూ చూస్తారు. సైన్సు ఫెయిర్‌కి కొనుక్కొచ్చే థర్మోకోల్ మోడళ్ల మీద మాత్రం నాకు ఏమాత్రం గౌరవం లేదు. ఆ డబ్బుతో పీహెచ్ పేపరు కట్టలు, రెండు డజన్ల గాజు సీసాలు కొంటే ఏడాదంతా నడుస్తుంది.

మీ ఊరి చుట్టూ ఏముందో మీకే తెలుసు. ఆత్రేయపురం అయితే పూతరేకుల కుండ ఉంది: పల్చటి పిండినీళ్లు వేడి కుండ మీద అంత త్వరగా ఎలా ఆరతాయి? మారుటేరు వైపు అయితే వరి పరిశోధన కేంద్రం ఉంది. అంతర్వేది అయితే పోటూ పాటూ కళ్ల ముందే ఉన్నాయి. మీ క్లాసులో బాగా పనిచేసిన ప్రశ్న ఒకటి ఈ వీడియో కింద రాయండి. ఏ తరగతి, ఏ పాఠం, పిల్లలు ముందు ఏ తప్పు జవాబు చెప్పారు అన్నది కూడా రాస్తే, గోదారి అవతలి గట్టున ఉన్న మాస్టారు రేపు పొద్దున్నే దాన్ని వాడుకుంటారు.