కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్)కి మారేముందు చెయ్యాల్సిన పనులు

అందరికీ నమస్కారం.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో చాలామంది విండోస్ 11 వైపో, ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ వైపో చూస్తున్నారు. ఇన్‌స్టాల్ చెయ్యడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. డేటా పోవడానికి ఎక్కువగా కారణం దానికి ముందు చెయ్యాల్సినవి చెయ్యకపోవడమే. అందుకే నా మాటల్లో ఎక్కువ భాగం వాటి గురించే.

ముందుగా ఒక అపోహ. "నా ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, సి మాత్రమే ఫార్మాట్ అవుతుంది" అనుకుంటారు. చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్కులోని భాగాలు. ఇన్‌స్టాలర్‌లో "డిస్కు మొత్తం చెరిపెయ్యి" అన్నది ఎంచుకుంటే రెండూ పోతాయి. కాబట్టి బ్యాకప్ వేరే ఎక్స్‌టర్నల్ డిస్కులోనే ఉండాలి. వన్‌డ్రైవ్ లాంటి సింక్‌ని (ఫైళ్లను ఆన్‌లైన్‌లో ఒకేలా ఉంచే సేవని) బ్యాకప్ అనుకోకండి, ఇక్కడ తీసేసిన ఫైలు అక్కడా పోతుంది. పైగా మబ్బు గుర్తు ఉన్న ఫైళ్లకు మీ డిస్కులో పేరు తప్ప సరుకు ఉండదు.

డాక్యుమెంట్స్, ఫొటోలు ఎలాగూ కాపీ చేస్తారు. మర్చిపోయేవి వేరే ఉన్నాయి: అవుట్‌లుక్ మెయిల్ ఫైలు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డేటా, లైసెన్స్ కీలు, యూనికోడ్ కాని పాత ఫాంట్లు. ఆ ఫాంటు ఫైలు లేకపోతే దాంతో టైపు చేసిన పత్రం పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తర్వాత ఆ డిస్కు కేబుల్ పీకెయ్యండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది తగిలించి ఉంటే, పొరపాటున దాన్నే ఎంచుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, బిట్‌లాకర్, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డిస్కుకు విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). మీరు ఎప్పుడూ ఆన్ చెయ్యకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాపుల్లో డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. బయోస్‌లో (ఓఎస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగులు) సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే మొదలవనిచ్చే రక్షణ) గానీ, టీపీఎం (కీలు దాచే భద్రతా చిప్) గానీ మార్చారంటే తర్వాతి బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే డేటా ఎవరూ తియ్యలేరు, రికవరీ షాపులవాళ్లు కూడా. మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి వెళ్లి కీ ఉందో లేదో ముందే చూడండి, కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే బయోస్ జోలికి వెళ్లండి, అదీ బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా సస్పెండ్ చేసి.

విండోస్ 11కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ సౌకర్యం, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఈ తనిఖీలను దాటేసే చిట్కాలు ఉన్నాయి గానీ, అలా వేసిన సిస్టమ్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. పని కోసం వాడే కంప్యూటర్‌లో అలా చెయ్యమని నేను చెప్పను.

లినక్స్ అయితే ముందు లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, అందులో ఉన్నవి మాత్రం చెరిగిపోతాయి. ఐఎస్ఓ (ఓఎస్ ఇన్‌స్టాల్ ఫైలు) అధికారిక సైటు నుంచే దించుకుని, ఫైలు చెడకుండా వచ్చిందో లేదో తెలిపే ఎస్‌హెచ్‌ఏ-256 విలువను సైటులో ఇచ్చినదానితో సరిపోల్చండి. లైవ్‌లో ఉండగానే వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్, మూత మూసి తెరిస్తే లేస్తుందా లేదా, అన్నీ పరీక్షించండి.

రెండు ఓఎస్‌లూ ఉంచుకోవాలనుకుంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అలాంటి డ్రైవ్‌ను లినక్స్ చదవనిస్తుందే గానీ రాయనివ్వదు. బలవంతంగా రాయిస్తే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. విండోస్ భాగాన్ని కుదించడం విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చెయ్యండి. ఒక ఓఎస్ నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా గడియారం గంటల తేడా చూపిస్తే బ్యాటరీ పోయిందనుకోకండి. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతాయి. లినక్స్ సెట్టింగ్‌లో స్థానిక సమయం అని మార్చితే సరి.

విండోస్ 10 మీదే 11కి అప్‌గ్రేడ్ అయితే వెనక్కి వెళ్లే అవకాశం మామూలుగా 10 రోజులే. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లు తీసెయ్యకండి. ప్రింటర్, స్కానర్, రోజూ వాడే ప్రతి సాఫ్ట్‌వేర్ ఆ 10 రోజుల్లోనే నడిపి చూడండి. ఫార్మాట్ చేసి వేసుకున్నవాళ్లకు ఆ అవకాశం కూడా ఉండదు కాబట్టి, కనీసం నెల రోజుల వరకు బ్యాకప్ డిస్కును ఇంకో పనికి వాడకండి.