నీరసం ఒక ప్రశ్న, వణుకు మరో ప్రశ్న: థైరాయిడ్ మాత్ర వాడుతున్న పెద్దవారి గురించి

నమస్కారం. గాజువాకలో ఉంటున్న ఒక సోదరి తన తండ్రిగారి గురించి మనకు రాశారు. ఆయన వయసు 72. థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉండడంతో ఆరేళ్లుగా రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. రెండు నెలలుగా చేతులు ఆనించనిదే కుర్చీలోంచి లేవలేకపోతున్నారు, పొద్దున్నే గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి కాఫీ ఒలికిపోతోంది. "థైరాయిడ్ ఇంకా పెరిగినట్టుంది, 75 మాత్ర మొదలుపెట్టమంటారా?" అని ఆమె అడిగారు. అమ్మా, రక్తపరీక్ష చేయించి వైద్యులకు చూపించేవరకు మాత్ర పెంచవద్దు, అలాగని మానిపించనూ వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఆ "పెరిగింది" అన్న మాట సంగతి చూద్దాం. రిపోర్టులో పెరిగి కనిపించేది టీఎస్‌హెచ్. అది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఆదేశం. పిలిచినా పలకని మనిషిని గొంతు పెంచి పిలిచినట్లు, థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయనప్పుడు పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. అంటే టీఎస్‌హెచ్ పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ హార్మోన్ తగ్గిందని అర్థం. ఈ తిరకాసు తెలియకపోవడం వల్ల పెరగడానికీ తగ్గడానికీ మధ్య మన ఇళ్లలో ఎంత గందరగోళం జరుగుతుందో నేను స్వయంగా చూశాను.

హార్మోన్ తగ్గితే శరీరంలోని పనులన్నీ మందగిస్తాయి. నీరసం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, నాడి నెమ్మదించడం, విశాఖ ఉక్కపోతలో కూడా ఫ్యాను ఆపమని అడగడం వంటివి కనిపిస్తాయి. కండరాల బలహీనత ముఖ్యంగా తొడల్లో, భుజాల్లో తెలుస్తుంది. సింహాచలం మెట్లు ఎక్కినంత కష్టం ఇంటి గుమ్మం దగ్గరి నాలుగు మెట్లకే కలుగుతుంది. పీట మీంచి లేవడం, చేయెత్తి తల దువ్వుకోవడం భారమవుతాయి. కాబట్టి మీ నాన్నగారి నీరసానికి థైరాయిడ్ కారణమై ఉండే అవకాశం ఉంది. సరైన మోతాదు అందితే ఈ బలహీనత చాలామందిలో క్రమంగా తగ్గుతుంది. 1891లో ఇంగ్లండులోని జార్జ్ ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ సారంతో చికిత్స మొదలుపెట్టిన ఒక స్త్రీ ఆ తరువాత 28 ఏళ్లు జీవించింది. ఆ రోజుల్లో అది ఊహకందని విషయం.

వణుకు సంగతి వేరు. సన్నగా, వేగంగా చేతులు వణకడం హార్మోన్ ఎక్కువైనప్పటి లక్షణమే తప్ప, తక్కువైనప్పటి ప్రధాన లక్షణం కాదు. అందుకే మాత్ర వాడే పెద్దవారికి వణుకు మొదలైతే, మోతాదు ఎక్కువైందేమో అని ముందుగా అనుమానించాలి. దానితోపాటు గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చెమటలు, బరువు తగ్గడం ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. మోతాదు మించితే కూడా తొడ కండరాలు బలహీనపడతాయన్నది చాలామందికి తెలియదు. అంటే మీ నాన్నగారి రెండు బాధలకూ మాత్ర ఎక్కువ కావడమే కారణమై ఉండవచ్చు. అలాంటప్పుడు 75 మాత్ర ఇస్తే ఏమవుతుందో ఆలోచించండి. వృద్ధులలో అధిక మోతాదు గుండె లయ తప్పడానికి, ఎముకలు గుల్లబారడానికి దారి తీస్తుంది.

సీతమ్మధారలో మా అమ్మగారి విషయంలో జరిగింది ఇదే. వైద్యులు 50 నుంచి 75కు మార్చారు. కొత్త సీసా తెచ్చాం, పాత సీసాను తీసేయడం మరిచాం. అమ్మ రెండు సీసాల్లోంచీ ఒక్కో మాత్ర చొప్పున నెలకు పైగా వేసుకుంది. ఆ వణుకును మేమంతా వయసు మీదికి తోశాం. ఆ తప్పు మాదే, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది కనుక, తప్పు సరిదిద్దిన తరువాత కూడా వణుకు తగ్గడానికి వారాలు పట్టింది. మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకు గానీ టీఎస్‌హెచ్ మళ్లీ చూడకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక థైరాయిడ్‌తో సంబంధం లేని వణుకులు ఉన్నాయి. చెయ్యి ఒడిలో ఊరకే ఉన్నప్పుడు వణికి, నడక నెమ్మదించి, చేతిరాత చిన్నదైపోతుంటే పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు ఉందేమో చూడాలి. గ్లాసు ఎత్తినప్పుడే వణికి, ఇంట్లో ఇంకొకరికీ అలాగే ఉంటే అది వంశపారంపర్యమైన వణుకు కావచ్చు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ వణుకు తెప్పిస్తుంది. షుగరు మాత్రలు వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గి నీరసం రావచ్చు, కొలెస్ట్రాల్‌కు ఇచ్చే స్టాటిన్ల వల్ల కండరాల నొప్పులు రావచ్చు.

మాత్ర వేసుకునే పద్ధతి కూడా గమనించండి. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు కాఫీ, టిఫిన్ ఆపాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. సముద్రపు గాలి తేమ ఎక్కువగా ఉన్న మన ఊళ్లో సీసాను వంటింటి పొయ్యి పక్కన పెట్టకండి, మూత గట్టిగా బిగించండి. వయసు మీరినవారిలో టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువగా ఉండడం సహజమే కనుక, యువకుల అంకెలతో పోల్చి కంగారుపడకండి. 2014లో అమెరికన్ థైరాయిడ్ సంఘం 70 దాటినవారికి టీఎస్‌హెచ్ లక్ష్యం 4 నుంచి 6 మధ్య ఉండవచ్చని సూచించింది.

ఇప్పుడు మీరు చేయవలసింది: ఇంట్లో ఉన్న మందులన్నీ, పాత సీసాలతో సహా, ఒక సంచిలో వేసుకుని కేజీహెచ్‌కు (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి) గానీ, మీ వైద్యుల దగ్గరకు గానీ వెళ్లండి. పేర్లు చెప్పడం చాలదు, మాత్రలు చూపించండి. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్), రక్తంలో చక్కెర, సోడియం, బీ12 పరీక్షల గురించి, ఈసీజీ గురించి అడగండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే తప్పక చెప్పండి, అది థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలదు. అయితే ఒకవైపు చెయ్యీ కాలూ ఉన్నట్టుండి పడిపోయినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మనిషి మగతలోకి జారి ఒళ్లు చల్లబడినా, అపాయింట్‌మెంటు కోసం చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.