కూలి డబ్బు అందిందా అని ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. వచ్చే నెల మీరంతా ఫీల్డ్ వర్క్‌కి ఊళ్లకు వెళ్తున్నారు, ప్రశ్నల ఫారాలు తయారవుతున్నాయి అని విన్నాను. అందుకే మన ఊళ్లలోనే జరిగిన ఒక పరిశోధన గురించి మాట్లాడతాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి ఎక్కువగా పోస్టాఫీసు ద్వారా వచ్చేది. ఎప్పుడొస్తుందో తెలియదు. దాని కోసం తిరిగితే ఆ రోజు పని పోయేది. అప్పుడు ప్రభుత్వం స్మార్ట్ కార్డులు తెచ్చింది. ఊళ్లోనే వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతికిచ్చే ఏర్పాటు అది. 2010లో 8 జిల్లాల్లోని 157 మండలాలకు లాటరీ తీశారు. 112 మండలాలకు కార్డులు ముందు వచ్చాయి, 45 మండలాలకు తర్వాత వచ్చాయి. లాటరీ ఏమిటి, అన్యాయం కదా అని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం అంతకంటే న్యాయమైన దారి కనిపించదు. బాగా నడిచే మండలాల్లో ముందు మొదలుపెడితే, వచ్చిన మార్పు కార్డు వల్లనా, ఆ మండలం వల్లనా అని ఎలా తేలుస్తాం?

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించారు. పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ఫలానా ఇంటికి ఇంత ఇచ్చామని ప్రభుత్వ లెక్కలో ఉంటుంది. ఆ ఇంటికే వెళ్లి ఎన్ని రోజులు పనిచేశారు, చేతికి ఎంత వచ్చింది అని అడుగుతారు. రెండింటి మధ్య తేడాయే దారిలో పోయిన డబ్బు. రెండేళ్లు గడిచినా కార్డులిచ్చిన మండలాల్లో సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారాయి. అయినా కూలి ఆలస్యం 29 శాతం తగ్గింది. దారిలో పోయేది 41 శాతం తగ్గింది.

నన్ను ఎక్కువగా కదిలించింది ఈ అంకెలు కాదు. అన్నాళ్లూ ఈ కార్డుల గురించి పై అధికారుల దగ్గరకు ఫిర్యాదులే వెళ్లాయి. పాత పద్ధతిలో లాభపడినవాళ్లకు గొంతు ఉంటుంది, నాయకుడి ఇంటికి దారి తెలుసు. కూలికెళ్లే ఆవిడ తనకు బాగుందని చెప్పడానికి హైదరాబాద్ వెళ్లదు కదా! పథకం ఆపేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. కార్డు వాడినవాళ్లను నేరుగా అడిగితే 90 శాతానికి పైగా ఇదే నయం అన్నారు. పథకాన్ని కొనసాగించడంలో ఆ జవాబులకూ పాత్ర ఉంది.

అందుకే మీ ఫారంలో ‘మీరు సంతృప్తిగా ఉన్నారా’ అని రాయకండి, దయచేసి. ఎదుట కూర్చున్న చదువుకున్న పిల్లలకు ఎవరైనా ‘ఆ, బాగుందమ్మా’ అనే అంటారు. ఏ వారం పనిచేశారు, డబ్బు ఏ రోజు వచ్చింది, ఎన్నిసార్లు తిరిగారు అని అడగండి. జవాబు గుర్తురాకపోతే టెన్షన్ పడొద్దు. పండగకు ముందా, తర్వాతా అని కలిపి అడిగితే చెప్తారు.

2018లో తెలంగాణ రైతుబంధులో ఇంకా చిన్న పని చేశారు. ఎకరానికి 4,000 రూపాయల చెక్కు, దాదాపు 57 లక్షల మంది రైతులు. లాటరీలో వచ్చిన మండలాల వ్యవసాయాధికారులకు ముందే ఒక మాట చెప్పారు: చెక్కు అందిందా అని మీ రైతులకు ఫోన్ చేసి అడుగుతాం, మీ పని తీరు దాన్నిబట్టి చూస్తాం అని. అంతే. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలాల్లో 7.8 శాతం తగ్గింది. ఇలా అదనంగా చేరిన ప్రతి 100 రూపాయలకు అయిన ఖర్చు 3 రూపాయల 60 పైసలు.

అయితే ఆ ఫోన్లు వెళ్లింది పట్టాదారుల జాబితాలో ఉన్నవాళ్లకు. కౌలు రైతుకు ఆ పథకమే వర్తించలేదు, అతని నంబరు ఆ జాబితాలో ఉండదు. మీరు ఊళ్లోకి వెళ్లాక మీకిచ్చిన జాబితా పక్కన పెట్టి, ఒక సాయంత్రం పొలం గట్ల మీద కనిపించినవాళ్లందరినీ ‘ఈ చేను ఎవరిది, చేసేది ఎవరు’ అని అడిగి రాసుకురండి. ఆ కాగితాలు ముందు పెట్టుకుని మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం.