డిసెంబరులో పని తగ్గించుకునే ఆడవాళ్ళు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, వానలో తడుస్తూ వచ్చిన కాలేజీ పిల్లలకు నమస్కారం. జనాభా దినోత్సవం కదా, జపాన్ గురించి చెప్పమన్నారు. మావారి ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు టోక్యోలో, నిషి కసాయి అనే పేటలో ఉన్నాం. అందుకని నన్ను పిలిచారు.

ముందు లెక్కలు చెప్పేస్తాను. 1949లో జపాన్‌లో దాదాపు 27 లక్షల మంది పిల్లలు పుట్టారు. 2024లో 6 లక్షల 86 వేల మంది. 15 నుంచి 64 ఏళ్ళ లోపు వాళ్ళ సంఖ్య 1995 నుంచే తగ్గుతూ వస్తోంది. ఇవాళ పదిమందిలో దాదాపు ముగ్గురు 65 దాటినవాళ్ళు. అక్కడ వినియోగ పన్ను, అంటే సరుకులు కొన్నప్పుడు కట్టేది, 1989లో 3 శాతంతో మొదలై 2019కి 10 శాతమైంది. చివరి రెండుసార్లూ పెంచినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం పింఛన్లు, వైద్యం, ముసలివాళ్ళ సంరక్షణ. 2023 సర్వేలో ఖాళీ ఇళ్ళే 90 లక్షలు తేలాయి.

ఇవి వినగానే ఎవరో ఒకరు అంటారు, "ఆడవాళ్ళు పిల్లల్ని కనడం మానేశారండీ, అందుకే" అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో మా పక్కింటావిడ సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

ఆవిడ పెళ్ళికి ముందు బ్యాంకులో పనిచేసేది. మొదటి కాన్పుతో మానేసింది. పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక ఒక సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైమ్‌గా చేరింది. ఏటా నవంబరు రాగానే జీతం చీటీలన్నీ ముందేసుకుని కూడేది. డిసెంబరులో అక్కడ కొత్త సంవత్సరం సరుకుల రద్దీ. మేనేజరు ఫోన్ చేసి రమ్మని బతిమాలేవాడు. ఈవిడ కుదరదనేది. పని చేయడం ఇష్టం లేక కాదమ్మా! అప్పట్లో ఏడాది సంపాదన 10 లక్షల 30 వేల యెన్లు దాటితే ఆవిడకు ఆదాయపు పన్ను పడేది, భర్త కంపెనీ ఇచ్చే కుటుంబ భత్యం ఆగిపోయేది. 13 లక్షలు దాటితే భర్త మీద ఆధారపడిన భార్యగా పైసా కట్టకుండా వచ్చే ఆరోగ్య బీమా, పింఛను హక్కు పోతాయి. రెండింటికీ సొంతంగా కట్టుకోవాలి. ఎక్కువ గంటలు చేసి తక్కువ డబ్బు ఇంటికి తేవాలన్నమాట. దేశమంతా పనివాళ్ళు లేరని మొత్తుకుంటుంటే, చదువుకున్న మనిషి క్యాలెండరు చూసుకుని పని మానుకుంటోంది!

ఆ పింఛను నిబంధన 1986 ఏప్రిల్‌లో వచ్చింది. ఉద్యోగాల్లో ఆడామగా సమానమనే చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఆ నెలలోనే. ఇంట్లో ఒకరుండి పిల్లల్నీ అత్తమామల్నీ ఊరికే చూసుకుంటారన్న నమ్మకం మీద కట్టిన వ్యవస్థ అది. పన్ను పరిమితిని 2025లో గాని పెంచలేదు.

మరి ఈ బతుకు చూస్తూ పెరిగిన ఆడపిల్ల పెళ్ళికి ఎందుకు తొందరపడుతుంది? అక్కడ పెళ్ళి కాకుండా పుట్టే పిల్లలు నూటికి ఇద్దరు ముగ్గురే. పెళ్ళిళ్ళు తగ్గితే కాన్పులూ తగ్గుతాయి. మగపిల్లల కష్టం వేరు. 1990లలో విపరీతంగా పెరిగిన భూముల, షేర్ల ధరలు కుప్పకూలి ఆర్థిక బుడగ పగిలాక చదువు ముగించిన వాళ్ళలో చాలామందికి పర్మినెంటు ఉద్యోగమే దొరకలేదు. 2020 నాటికి యాభై ఏళ్ళొచ్చినా పెళ్ళి కాని మగవాళ్ళు నూటికి 28 మంది.

పిల్లలూ, ఒక్క నిమిషం ఫోన్లు పక్కన పెట్టండి. అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను.

ఆ పక్కింటావిడ అత్తగారికి మతిమరుపు జబ్బు వచ్చింది. ఇక ఈవిడ పని పూర్తిగా మానేస్తుందనుకున్నాను. మానలేదు. 2000లో జపాన్ సంరక్షణ బీమా పెట్టింది. నలభై దాటిన ప్రతివాళ్ళూ కట్టాలి. ఆ బీమాలో డే సర్వీస్ ఉంది. పొద్దున్నే వ్యాను వచ్చి పెద్దావిడను తీసుకెళ్ళేది. స్నానం, భోజనం, కాస్త వ్యాయామం, తోటివాళ్ళతో కబుర్లు. సాయంత్రం తెచ్చి దింపేవారు. అయినా ఇంట్లోవాళ్ళను చూసుకోవడానికి ఉద్యోగం వదిలేసేవాళ్ళు అక్కడ ఇప్పటికీ ఏటా లక్షమంది దాకా ఉన్నారు. ఆ వ్యానే లేకపోతే ఎంతమంది ఉండేవారో!

మా అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేను ఇక్కడ స్కూల్లో టీచర్ని. కొన్నాళ్ళు ఒంటిపూట వస్తానన్నాను, ఒప్పుకోలేదు. మానేశాను. ఇంట్లో చేసిన ఆ చాకిరీ ఏ లెక్కలోనూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే సగటున ఒక స్త్రీకి 1.7 మంది పిల్లలే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఉన్న ఒక్కరిద్దరూ హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నారు. ఇంకా కనండని మనకు చెప్పేవాళ్ళు ముందు ఆ వ్యాను సంగతి చూడాలి.

మున్సిపాలిటీ పెద్దలు ముందు వరసలోనే ఉన్నారు, మంచిదైంది. మూతపడిన పాత ప్రసూతి కేంద్రం భవనాన్ని పగటిపూట వృద్ధుల కేంద్రంగా ఇవ్వమని అర్జీ రాశాం. గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. వెళ్ళేటప్పుడు సంతకం పెట్టండి. మగవాళ్ళు కూడా.