మత్తు మాన్పించే సెంటర్ నుంచి ఇంటికొచ్చాకే అసలు పని

అందరికీ నమస్కారం. ఆశా అక్కలు, ఏఎన్‌ఎంలు, సర్పంచులు, ఇంట్లో పిల్లల మత్తు అలవాటుతో కష్టం పడుతున్న అమ్మానాన్నలు కూడా వచ్చారు కాబట్టి నేరుగా విషయానికే వస్తాను.

హెరాయిన్, నల్లమందు, ట్రమడాల్ లాంటి కొన్ని గట్టి నొప్పి గోలీలు, ఇవన్నీ ఒకే జాతి. ఓపియాయిడ్లు అంటారు. ఆపరేషన్ తర్వాత డాక్టరు నాలుగు రోజులకు రాస్తే తప్పు లేదు, కానీ ఆ చీటీతోనే నెలల తరబడి కొనుక్కుని మింగుతుంటే ఒంటికి అదే అలవాటైపోతుంది. అందుకే 2018లో ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. 2019లో వచ్చిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో దాదాపు 77 లక్షల మందికి ఓపియాయిడ్ల విషయంలో సాయం కావాలి.

కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగితే మనిషి ఎట్లా అయిపోతాడో పాలమూరు, నల్లగొండ ఊళ్లకు నేను చెప్పక్కర్లేదు. చేతులు వణకడం, ఫిట్స్ రావడం, ఏదేదో మాట్లాడడం మీరు కళ్లారా చూసినవే. అందులో కలిపే అల్ప్రాజోలం అనే నిద్రమందు వేరే జాతి. అది ఒకేసారి ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఓపియాయిడ్లు, అల్ప్రాజోలం రెండూ కలిపి వాడేవాళ్లకు మాత్రం ఊపిరి ఆగిపోయే ప్రమాదం చాలా ఎక్కువ, ఇది గుర్తు పెట్టుకోండి.

ఓపియాయిడ్ ఆగితే ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా గగుర్పాటు, కాళ్లు పీకేయడం, విరేచనాలు, కంటి మీద కునుకు లేకపోవడం. రెండు మూడు రోజులు నరకం, వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతుంది. అందరూ ఇక్కడే పొరపాటు పడతారు, వారం గడిచింది కదా బాగైపోయాడు అనుకుంటారు. మళ్లీ కావాలనే ఆరాటం మాత్రం నెలల తరబడి పోదు. "గట్టిగా అనుకుంటే మానలేడా" అని చుట్టాలు అంటుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ పిల్లాడు అప్పటికే ఎన్నోసార్లు గట్టిగా అనుకుని ఉంటాడు.

దీనికి మంచి మందు ఉంది. బుప్రినార్ఫిన్ అనే గోలీ. నాలుక కింద పెట్టుకోవాలి, కరిగేదాకా ఐదు పది నిమిషాలు మింగకూడదు, నీళ్లు తాగకూడదు. నర్సు ఎదురుగా కూర్చుని చూస్తుంది. మొదటి గోలీ మాత్రం పాత మత్తు దిగి ఇబ్బంది మొదలయ్యాకే ఇవ్వాలి, తొందరపడితే బాధ ఇంకా ఎక్కువవుతుంది, కాబట్టి ఇది డాక్టరు దగ్గరే మొదలుపెట్టాలి. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు పెడుతున్నారా" అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాల్సిందే కూడా. సరైన మోతాదులో ఇస్తే ఇది తూలేంత మత్తు ఎక్కించదు, రోజంతా ఆరాటాన్ని ఆపుతుంది, మనిషి పొద్దున్నే లేచి పనికి పోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఫ్రాన్స్‌లో 1995 నుంచి మామూలు డాక్టర్లు కూడా ఈ మందు రాయడం మొదలుపెట్టాక, నాలుగేళ్లలో మోతాదు మించి చనిపోయేవాళ్లు ఐదింట ఒక వంతుకు పడిపోయారు. పెద్ద పెద్ద సెంటర్లు కట్టి సాధించింది కాదది, పక్క వీధి క్లినిక్‌లో మందు దొరకడం వల్ల జరిగింది.

ఇప్పుడు నేను వచ్చిన అసలు సంగతి. పిల్లాణ్ని నెల రోజులు ఎక్కడో సెంటర్‌లో పెట్టి, మందేమీ కొనసాగించకుండా ఇంటికి తెస్తారు. ఆ నెలలో ఒంటికి పాత అలవాటు పోయి ఉంటుంది, ఎవరో స్నేహితుడు కలిస్తే పాత మోతాదే వేసుకుంటాడు. ఆ మోతాదుకే ప్రాణం పోతుంది. జైలు నుంచి వచ్చినవాళ్లకూ ఇదే గండం. కాబట్టి ఇంటికొచ్చిన మొదటి వారాలే అన్నిటికంటే ప్రమాదం, ఆ వారాల్లో అతని దగ్గర సెంటర్ వాళ్లు ఉండరు, మీరే ఉంటారు.

బీపీ, షుగర్ గోలీలు ఎవరు వేసుకుంటున్నారో, ఎవరు మధ్యలో మానేశారో ఊళ్లో ముందు తెలిసేది ఆశా అక్కకే. బుప్రినార్ఫిన్ కూడా అట్లాగే నెలలు, ఒక్కోసారి ఏళ్లు వాడాల్సినదే. ఇంటికొచ్చాడని తెలిసిన వెంటనే వెళ్లండి. పోలీసు అడిగినట్టు అడగకండి, "తిన్నావా, నిద్ర పడుతుందా, మళ్లీ దవాఖానకు ఎప్పుడు రమ్మన్నారు" అంటే చాలు. వాకిట్లో నిలబడి పదిమంది ముందు మాట్లాడొద్దు, అందులోనూ ఆడపిల్ల అయితే అసలే వద్దు. మళ్లీ వాడాడని తెలిస్తే తిట్టకుండా జిల్లా దవాఖాన మానసిక వైద్యుడి దగ్గరికి తిరిగి పంపండి, ఈ జబ్బులో మళ్లీ జారడం మామూలే.

కనుపాప సూదిమొనంత చిన్నదై, ఊపిరి బాగా నెమ్మదించి, గొంతులో గురగురమంటూ, పెదాలు నీలంగా మారితే నిద్రపోతున్నాడని వదిలేయొద్దు. 108కి ఫోన్ చేసి ఏం వేసుకున్నాడో దాచకుండా చెప్పండి, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఓపియాయిడ్లకు విరుగుడైన నాలోక్సోన్ సూది పడితే నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది, కానీ దాని ప్రభావం కాసేపే, అందుకే లేచి కూర్చున్నా దవాఖానలోనే ఉంచాలి.

అమ్మానాన్నలకు ఒక మాట. కట్టేసి కొట్టే చోటికి డబ్బులిచ్చి పంపకండి. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఆ చట్టం కిందికే వస్తాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, ఉచితం. టెన్షన్‌తో మీకే నిద్ర పట్టకపోతే 14416 టెలీ మానస్ ఉంది, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ ఊళ్లలో ఎదురయ్యే ఇబ్బందులు చెప్పండి. ముందు మర్రిగూడ వాళ్లతో మొదలుపెడదాం.